ఎనిమిది కొంపల ఊరు

కరోనాకి బడి మూసేశారు. ఐర్లండులో మేముండే ఏటిగట్టు ఊరి చరిత్ర, భూగోళం రాసి పంపమన్నారట మా మనవరాలు సహస్రని.

"ఎనిమిది కొంపలకి చరిత్రేంటే? ఇదో ఏరా? మా ఊరి పంటకాలవ దీన్ని మింగేస్తుంది. మాది వెయ్యి గడప!" అని నవ్వాను.

"ఇట్స్ గ్రాండ్, తాతా" అంది విసుగ్గా. ఇక్కడివాళ్ల మాటలో 'సర్లే, ఇక వదిలెయ్' అని.

అంతలో వంతెన మీదికి శవం బండి వచ్చింది. అవతలిగట్టు ముసలాయన కరోనాతో పోయాడు. ఎనిమిది ఇళ్లవాళ్లూ గేట్ల ముందు దూరందూరంగా నిలబడి తలలు వంచారు. మేమూ బయటికొచ్చాం. నేను తలగుడ్డ తీశాను.

"మీ ఊళ్లో కూడా ఇలాగే నిలబడతారా, తాతా?"

"రాసుకోవే. మాది పెద్ద ఊరు. మొన్న మా తమ్ముడు ఇదే రోగంతో పోతే, వెయ్యి తలుపులూ ఒక్కసారే మూసుకున్నాయి."