వణికిన షాట్

కెమెరా భుజాన పెట్టుకుని, మెట్ల మీద వెనక్కి నడుస్తూ దిగుతున్నాడు కెమెరామన్. ఆయన తూలిపోకుండా వెనకనుంచి నడుము బెల్టు పట్టుకుని దారి చూపిస్తోంది అసిస్టెంటుగా ఉన్న కూతురు. ఎదురుగా హీరోయిన్ ఏడుస్తూ దిగి వస్తోంది.

సగం మెట్లు దిగేసరికి ఫ్రేము సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఆయన ఆగలేదు.

కట్ చెప్పిన డైరెక్టర్ మానిటర్ దగ్గరనుంచి లేచి వచ్చాడు.

"నిలకడకి మీ తర్వాతే ఎవరైనా అంటారు. ఆ వణుకు ఎలా తెప్పించారు సార్? గుండె పిండేసింది. ఇంకో టేక్ అక్కర్లేదు."

"వయసు మీద పడిందయ్యా" అన్నాడాయన. అందరూ నవ్వారు.

కూతురు మాత్రం బెల్టు వదల్లేదు. ఆయన కెమెరా కింద పెట్టి, ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆసుపత్రినుంచి ఫోన్ ఎప్పుడొచ్చిందమ్మా?"

"షాట్‌కి ముందే నాన్నా. ఇదొక్కటీ అయ్యాక చెబుదామనుకున్నా. నీకెలా తెలిసింది?"

"నీ చెయ్యి వణుకుతుంటే కెమెరా ఎలా ఆగుతుందే పిచ్చిపిల్లా? అప్పుడే తెలిసిపోయింది."

"మరి ఆపెయ్యకపోయావా నాన్నా?"

"కట్ అనేదాకా మీ అమ్మ ఉన్నట్టే కదా అని నడిచాను."