బరువు తెలియని సంచీ

"పోయినసారి దీన్ని ఎన్నిసార్లు బయటికి తీశారు డాక్టరమ్మా?"

మాస్టారు చూపిస్తున్నది మంచం మీదున్న పెద్ద లెన్సుని. పళ్ళ డాక్టరు దాన్ని పసిపిల్లలా ఒళ్ళోకి తీసుకుంది.

"ఒక్కసారీ తీయలేదండీ. కానీ అవసరం పడితే?"

"మరి ట్రైపాడ్?"

"దాని కాళ్ళు విప్పేలోగా వెలుతురు పోయింది."

"రెండో కెమెరా?"

"మొదటిది పాడైతే పనికొస్తుందని..."

"పాడైందా?"

"లేదు. నా భుజం పాడైంది."

మాస్టారు ఫక్కున నవ్వారు. లాడ్జి గది గుమ్మంలో నిలబడ్డ ఫోటోగ్రఫీ క్లబ్బు సెక్రటరీ కూడా నవ్వాడు. డాక్టరుకి మాత్రం నవ్వు రాలేదు. క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనలో ఆమె ఫోటో ఇంతవరకూ గోడెక్కలేదు. రెండేళ్ళు వరసగా పంపింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. పోయినసారి ఇదే కొండకి సామానంతా వీపున వేసుకుని ఆపసోపాలు పడుతూ ఎక్కేసరికి, అందరూ ఫోటోలు తీసేసుకుని దిగొస్తూ ఎదురయ్యారు. ఈసారీ అలాగే అయితే కెమెరాని అటకెక్కించేస్తానని ఇంట్లో శపథం చేసి మరీ బయల్దేరింది.

"పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఇలాగే బతిమాలతారా?" అన్నారు మాస్టారు, లెన్సు కోసం చెయ్యి చాపి.

"వాళ్ళు ఇంతకంటే తొందరగా ఒప్పుకుంటారండీ," అంటూ ఇచ్చేసింది.

చివరికి ఒక చిన్న కెమెరా, దానికున్న చిన్న లెన్సూ మిగిలాయి. తక్కినవన్నీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. పెళ్ళికి వెళ్ళబోతూ ఒంటిమీద నగలన్నీ ఒలిచి పెట్టినట్టు ఆమెకి ఒకటే వెలితిగా ఉంది.

మాస్టారు ఒకప్పుడు స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. క్లబ్బులో అందరికంటే పెద్దాయన. ఏ ఊరెళ్ళినా ఆయన భుజానికి ఒక బూడిదరంగు సంచీ తప్ప మరోటి ఉండదు. దాన్ని చూసినప్పుడల్లా డాక్టరుకి ముచ్చటేసేది. పొద్దున బస్సులో ఎవరికో కడుపులో తిప్పితే అందులోంచి మాత్ర వచ్చింది. సెక్రటరీ లెన్సు మీద దుమ్ము పడితే మెత్తటి గుడ్డ వచ్చింది. ఆకలన్నవాళ్ళకి బిస్కెట్లు వచ్చాయి. అయినా ఆ సంచీ ఎప్పుడూ ఆయన భుజాన్ని కిందికి లాగినట్టు కనబడదు.

"మీ కెమెరా ఏ రకం మాస్టారూ?" అనడిగింది, మెట్లు దిగుతూ.

"చాలా తేలికైందమ్మా. బరువే తెలియదు."

"నాకూ అలాంటిదే ఒకటి చూసి పెట్టకూడదూ?"

"మీకప్పుడే ఎందుకు? దానికింకా చాలా టైముంది."

సెక్రటరీ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఆయన చేతి వేగం చూసి తీరాలండీ. మనం కవర్లు విప్పేలోగా ఆయన పని అయిపోతుంది. ఎప్పుడూ 'నాదైపోయింది, మీరు కానివ్వండి' అని మంచి చోటు మనకి వదిలేస్తారు. ప్రదర్శనకి కూడా ఒక్క ఫోటో ఇవ్వరు. కొత్తవాళ్ళకి గోడ మీద చోటుండాలిట. అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు."

మధ్యాహ్నం ఎక్కడం మొదలుపెట్టారు. ఈసారి డాక్టరు వెనకబడలేదు. భుజం నొప్పి లేదు, రొప్పు లేదు, సెక్రటరీనే దాటేసి ముందుకెళ్ళింది. తలెత్తి చూస్తే పైన కొండ అంచున మాస్టారు నిలబడి ఉన్నారు. వీపు ఇటువైపు, రెండు చేతులూ మొహం దగ్గర, మనిషిలో కదలిక లేదు. అప్పుడే తీసేస్తున్నారు కాబోలు అనుకుని ఆమె నడక పెంచింది.

"నాదైపోయింది, రండి రండి," అంటూ ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు.

ఆమె కెమెరా తీసిందో లేదో తుంపర మొదలైంది. సెక్రటరీ, మిగతావాళ్ళు కింద బండ చాటున ఆగిపోయారు. మాస్టారు సంచీలోంచి మడత గొడుగు తీసి ఆమె కెమెరాకి పట్టారు. ఆయన మాత్రం తడుస్తూనే ఉన్నారు. చాలాసేపటికి మబ్బు ఒకచోట విచ్చుకుని, లోయలోని రేకుల కప్పుల మీదికి ఎండ దిగింది. ఒక్కో ఇల్లే వెలుగుతూ వస్తోంది. డాక్టరు ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

కెమెరా పలకలేదు.

"అయ్యో, బ్యాటరీ అయిపోయింది! ఇంకొకటి ఆ బీరువాలో సామానుతో ఉండిపోయింది మాస్టారూ!"

"కంగారు పడకండి. నా సంచీ పై అర తీయండి."

"మీ కెమెరాది నాదాంట్లో పట్టదేమోనండీ!"

"ముందు తీసి చూడండి."

సరిగ్గా ఆమె కెమెరాకి పట్టే బ్యాటరీయే చేతికి తగిలింది. గబగబా వేసుకుని, చివరి ఇంటి కప్పు మెరిసేదాకా తీస్తూనే ఉంది. ఆ ఫోటో గోడెక్కుతుందని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కళ్ళు తుడుచుకుని మాస్టారి చేతిలోంచి గొడుగు లాక్కుంది.

"ఇంకా వెలుగుంది. గొడుగు నేను పడతాను, ఇప్పుడు మీరు తీయండి."

"నాదైపోయిందమ్మా."

"అది ఈ ఎండ రాకముందు సంగతి! ఉండండి, మీ కెమెరా నేనే తీసిస్తాను."

సంచీ ఒళ్ళో పెట్టుకుని జిప్పు లాగింది. మాస్టారు వద్దనబోయి, లోయ వైపు తిరిగారు. పై అరలో క్లబ్బులో ఎవరి కెమెరాకి పట్టేవి వాళ్ళకి బ్యాటరీలు. దాని కింద వాన కవర్లు, మెత్తటి గుడ్డలు, మాత్రలు, నొప్పి మందు, బిస్కెట్లు. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

సంచీలో కెమెరా లేదు.