కోపం మొదలైన చోటు

"చెయ్యి దించండి తాతగారూ, వీడియోలో ఆ మనిషింకా నోరే తెరవలేదు," అంది నామ్ టీచరమ్మ. కోపం తగ్గించుకునే క్లాసంతా పకపకా నవ్వింది.

చిన్న వీడియో వేస్తారు. కోపం ఎక్కడ మొదలైందో అక్కడ చెయ్యెత్తాలి. రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే సర్టిఫికెట్ రాదు. అది చూపిస్తేగాని కూతురింటి నుంచి తిరిగి రానని మా ముసలిది తేల్చి చెప్పేసింది.

మరి చేపలమ్ముతూ నేను కేకేస్తే బుసాన్ రేవులో ఓడలు లంగరెత్తుకుని పారిపోయేవి!

"చేపల తాతకి తొందరెక్కువ. ఆ మొగుడింకా గుమ్మంలో బూట్లే విప్పుతున్నాడు," అన్నాడు పక్కనున్న టాక్సీ డ్రైవర్ ప్యో.

"నేను మొగుణ్ణి చూళ్లేదురా, పెళ్లాన్ని చూశాను. అతని అడుగుల చప్పుడు వినగానే లేచి కిటికీ మూసింది."

టీచరమ్మ వీడియో వెనక్కి తిప్పింది. తెర మీద ఆవిడ మళ్లీ గబగబా లేచి కిటికీ మూసింది.

"ఎందుకు మూసిందంటారు?"

"అరుపులు పక్కింటికి వినబడకుండా." నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. "మా ముసలిది ఓక్‌బున్ కూడా అంతేనమ్మా. నేను రాగానే మూసేది. చలి తట్టుకోలేదనుకున్నాను, నలభై ఏళ్లు. నడివేసవిలో కూడా."