మూలమట్టం కన్ను

“పీకెయ్యండమ్మా ఈ లెన్సు! నా పాత చూపు నాకిచ్చెయ్యండి.”

వడ్రంగి నల్లకళ్ళద్దాలు తీసి డాక్టరమ్మ బల్ల మీద పడేశాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు మెడలు సాచారు. వెనకే వచ్చిన భార్య చుక్కలమందు సంచీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

“ఏమైంది పెద్దాయనా? నొప్పా? నీళ్ళు కారుతున్నాయా?”

“నొప్పయితే పళ్ళు బిగబట్టి ఊరుకుందును. మీరు చేసింది మోసం.”

డాక్టరమ్మకి ఆయన కూతురి వయసుంటుంది. కోప్పడలేదు. “ముందు కూర్చోండి” అంది.

“కూర్చోబెట్టే కదా కొంప ముంచారు! ఆపరేషన్‌కి ముందు నిటారుగా కూర్చోబెట్టి, తల కదపొద్దని చెప్పి, కంట్లో సిరా గుర్తులు పెట్టారా లేదా? పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుంది, గుర్తు ఇప్పుడే పెట్టాలి అన్నారా లేదా? ఓహో, మన పనే అనుకుని మురిసిపోయాను. గీత తప్పితే కోత తప్పుతుంది. మీ గీత తప్పిందమ్మా!”

వీధిలో అందరూ ఆయన్ని, మూలలు సరిచూసే పనిముట్టు పేరుతో, మూలమట్టం అంటారు. ఎదురుగా అంటే అది పొగడ్త. వెనకాల అంటే, ఎంతకీ వంగని మనిషని. చిన్నప్పుడే కుడి కంట్లో చెక్కపేడు దిగి ఆ కన్ను పోయింది. ఉన్న ఎడమ కంటితోనే బతుకంతా చిత్రిక పట్టుకొచ్చాడు. ఇప్పుడు దానికి శుక్లం వచ్చింది. పైగా నల్లగుడ్డు మీది పొర ఎప్పట్నుంచో సమంగా లేదట, ఓ పక్క నొక్కిన బంతిలా ఉండి చూపుని వంకర చేస్తోందట. మామూలు లెన్సు వేస్తే శుక్లం పోతుంది గానీ ఆ వంపు పోదని, రెంటికీ పనికొచ్చే లెన్సు వేరే ఉందని, దాన్ని ఆ వంపుకి తగ్గట్టు తిప్పి కూర్చోబెడతానని డాక్టరమ్మే నచ్చజెప్పింది. ఉన్నది ఒక్క కన్ను. అయినా నమ్మి ఇచ్చాడు.

“ఒక్కోసారి లెన్సు లోపల కాస్త తిరుగుతుంది. తిరిగితే మళ్ళీ సరిచేస్తాను. రండి చూద్దాం.”

గోడమీది అక్షరాల్లో కింది వరస చదవమంది. తిట్లు తిట్టినట్టు గడగడా చదివేశాడు. “ఇంతకన్నా చిన్నవి లేవా?” అని వెటకారం కూడా చేశాడు.

యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోమంది. చాలాసేపు చూసింది.

“లెన్సు పెట్టిన చోటే ఉందండీ. వెంట్రుకవాసి కదల్లేదు.”

“మీ యంత్రం మీ పాటే పాడుతుంది.”

“మరి అక్షరాలన్నీ చదివారు కదా?”

“అక్షరాలు నాకెందుకమ్మా? వాటితో తెగదెంపులు చిన్నప్పుడే అయిపోయాయి. నాకు కావాల్సింది గోడ!”

“ఏం గోడ?”

“మా ఇంటి మధ్య గోడ. నిన్న పట్టీ విప్పి పంపారు కదా, ఇంటికెళ్ళి మొట్టమొదట దాన్నే చూశాను. గుండె జారిపోయింది. ఇది చూపేనా? ఇలాంటి కన్ను శత్రువుకి కూడా వద్దు!”

“ఏవండీ, అసలు సంగతి చెప్పండి” అంది భార్య నెమ్మదిగా.

“నువ్వుండవే! చెబుతున్నాగా.”

తమ్ముడు తాపీమేస్త్రి. తండ్రి పోయాక ఇంటిని రెండు చేసుకున్నారు. మధ్య గోడ తమ్ముడే కట్టాడు. కట్టిన మర్నాడు మూలమట్టం గుమ్మంలో నిలబడి కన్ను పెట్టి చూసి, వీధంతా వినేలా అన్నాడు: “నా వైపుకి వాల్చి కట్టావురా, దొంగా!”

“మీ తమ్ముడు దారం కట్టి తూకం గుండు వేసి చూపించలేదా?”

“చూపించాడు. వాడి గుండు, వాడి దారం, వాడి చెయ్యి. వాడి మాట కాక నా మాట చెబుతుందా?”

“మీరు తలుపులు కూడా కంటితోనే చూస్తారా?”

“తలుపులకి మట్టం పెడతానమ్మా, అది పని. తొడబుట్టినవాడు చేసిన ద్రోహానికి మట్టం కావాలా?” బల్ల మీద చరిచాడు. “ఆ రోజు నుంచి మాటల్లేవు. వాడి కూతురు ఆ గోడవతలే పుట్టింది. ఏడుపు వినబడేది. నేను ఎత్తుకోలేదు. ఆ పిల్లకి ఇప్పుడు ఓణీ వయసు. ‘పెదనాన్నా’ అని ఒక్కసారి పిలిచిందా? పిలవనిచ్చాడా?”

“మీరు పలికారా?” అంది భార్య.

“నిన్ను ఉండమన్నానా లేదా!”

డాక్టరమ్మ బల్లమీది కళ్ళద్దాలు తుడిచి ఆయన ముందు పెట్టింది. “ఇప్పుడు ఆ గోడతో తొందరేమిటి?”

“రేపు వీధి పెద్దలు వస్తున్నారు. వాడు వంట గది పెంచుకోవాలట, ఈ తగువు తేలితే గానీ కుదరదు. ‘ఆపరేషన్ అయింది కదా, అన్నని చూసి చెప్పమనండి. వాలిందంటే నా చేత్తోనే పలుగేసి పడగొడతా’ అన్నాడట. ఎంత పొగరు! రేపు వాళ్ళందరి ముందూ ఈ దిక్కుమాలిన కన్నేసుకుని నేనేం చెప్పాలి? ఇవాళే తెరవండి. తిప్పండి. తిరక్కపోతే తీసి పారేసి మామూలుది పెట్టండి.”

“ఉన్న ఒక్క కన్నుని మళ్ళీ తెరవడమంటే ఆటలు కాదు పెద్దాయనా. చూపే పోవచ్చు.”

“పోనీండి! తప్పు చూపించే కన్ను ఉంటేనేం, పోతేనేం?”

ఆ మాటకి డాక్టరమ్మే జంకింది. యంత్రానికి అందని తేడా ఏదైనా ఉందేమోనన్న అనుమానం వచ్చింది. కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

“సరే, ఒక్కటి చెప్పండి. ఎటు లాగుతోందో తెలిస్తే నాకు దారి దొరుకుతుంది. ఇప్పుడు ఆ గోడ ఎటు వాలినట్టు కనబడుతోంది? మీ వైపుకా, తమ్ముడి వైపుకా?”

మూలమట్టం నల్లకళ్ళద్దాలు తీసి పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ ఆయన భార్య వంక చూసింది.

“ఎటూ వాలలేదమ్మా” అందావిడ.