అరికాలి వంపు

"ముఖం చూడకమ్మా, గుర్తుపట్టలేవు," అంటూ కానిస్టేబుల్ రవీందర్ పాదాల దగ్గర మాత్రమే గుడ్డ తొలగించాడు. "కాళ్లు చూసి చెప్పు. నీ కొడుకు కోటేషేనా?"

ఆ శవం చర్ల అడవిలో, వాగు నీళ్లలో దొరికింది. పక్కన తుపాకీ కూడా ఉంది. ఇల్లు విడిచిన కోటేష్ ఎటు పోయాడో రుజువుగా ఎవరికీ తెలియదు. దళంలో కలిశాడని గాలిమాటలు మాత్రం ఉన్నాయి. అందుకే అతని తల్లి జమ్లిని తండా నుంచి దవాఖానాకు పిలిపించారు.

కూతురు ఉషారాణి బయట బెంచీ మీద కూర్చుంది. కానిస్టేబుల్‌గా సెలెక్టయిన పిల్ల. ఇంటివాళ్ల గురించి విచారణ ఇంకా పూర్తి కాలేదు. లోపలున్నది అన్నే అయితే ఇక ఉద్యోగం మాట మరిచిపోవాల్సిందే. అన్న ప్రాణం కోసం, తన బతుకు కోసం దారంతా దండాలు పెట్టుకుంటూనే వచ్చింది.

జమ్లి ఆ పాదాలను చాలాసేపు చూసింది. అరికాళ్లు పీటల్లా చదునుగా ఉన్నాయి. ఒక పాదాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో అడుగున నిమిరింది.

"కాదు సారూ. మా వోని అరికాలికి మంచి వంపు ఉంటది. తడికాలు ఏస్తే నడుమ నేలకు ఆనదు. ఈ పిల్లగానికి గట్ల లేదు."

"మంచిగ చూడమ్మా. కాదని రాస్తే మళ్ల శవం ఇయ్యరు."

"నవమాసాలు మోసిన. నా పిల్లగాన్ని నాకు తెల్వదా?"

రవీందర్ అదే రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. ఈ ఒక్క తల్లికైనా కడుపుకోత తప్పిందని అతని ప్రాణం కుదుటపడింది.

జమ్లి వెంటనే కదల్లేదు. ఎవరూ రాకపోతే ఏం చేస్తారని అడిగింది. పంచాయతీ వాళ్లు కాల్చేస్తారన్నాడు. పెళ్లి కానివాడిలా ఉన్నాడనీ, తమలో అలాంటివాళ్లను పూడ్చిపెడతారనీ, వీలైతే కాల్చవద్దనీ మెల్లగా చెప్పింది. భుజం మీది తువ్వాలు తీసి ఆ పాదాలకు కప్పింది.

"ఏ తల్లి కన్నదో," అంది.

బయట ఉషారాణి ఎదురొచ్చింది. "యాడీ, అన్ననా?" అంది. అమ్మను వాళ్లు అలాగే పిలుస్తారు.

"కాదు బిడ్డా. నడు."

ఉష అక్కడే కూలబడి ఏడ్చేసింది, సంతోషంతో. జమ్లి కూతురిని లేపి ఆటో ఎక్కించింది. ఊరు దాటేదాకా ఆ పిల్ల చేయి వదల్లేదు.

నాలుగేళ్ల కింద కోటేష్‌ను పోలీసు సెలెక్షన్లలో తిప్పి పంపింది ఆ చదును పాదాలే.