తేడాల గడి

తాతల కాలంలో ఎవరో జనాన్ని భయపెట్టడానికి రాసిన కథను తెలుగు టీచర్ ప్రసూనాంబ పదో తరగతికి చదివి వినిపించింది. ఆ కథలో ఊరందరి మెడలోనూ, బళ్లో టీచర్ మెడలో కూడా, గంటలుంటాయి. ఎవరి ఆలోచన పక్కదారి పట్టినా గంట మోగుతుంది, పక్కవాళ్లు కబురు పెడితే బండి వచ్చి వాళ్లను తీసుకుపోతుంది.

పిల్లలు కదలకుండా విన్నారు. వాళ్ల మణికట్లకు పట్టీలున్నాయి. ధ్యాస చెదిరితే పట్టీ ఎర్రబడుతుంది. వారంలో మూడుసార్లు ఎర్రబడితే టీచర్ బల్ల మీది బటన్ నొక్కాలి, దిద్దుబాటు బడి వ్యాను వస్తుంది. టీచర్ చేతికీ పట్టీ ఉంది.

"కథకీ మనకీ పోలికలు ఒకపక్క, తేడాలు ఒకపక్క రాయండి" అంది టీచర్. ఏటా రెండు మార్కులకు వచ్చే ప్రశ్నే.

పిల్లలు స్కేలుతో పేజీ మధ్య గీత కొట్టారు. పోలికల గడి చకచకా నిండింది. తేడాల గడిలో అందరూ ఒకటే రాశారు: వాళ్లకు గంట, మనకు పట్టీ.

చివరి బెంచీలో సునయన కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆమె పట్టీ ఎర్రబడింది. ఈ వారంలో అది మూడోసారి.

టీచర్ పరుగులాంటి నడకతో వచ్చింది. "ఏం ఆలోచిస్తున్నావే తల్లీ?"

"ఇంకో తేడా దొరికింది టీచర్. బండికి కబురు పెట్టమంటే, కథలో టీచర్ పెట్టనంటుంది కదా!"



"రాయి" అంది ప్రసూనాంబ మెల్లగా.

సునయన రాసింది. టీచర్ దాని పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, రెండుకు రెండు మార్కులూ వేసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి బటన్ నొక్కింది.