ఖాళీగా ఉండాల్సిన మెమరీ

నా రాతలో తప్పులుంటాయి, నెమ్మదిగా రాస్తాను. ఓపిక పట్టండి.

ప్రపంచ కప్ స్టేడియాలు కడుతున్న రోజులు. దోహాలో ఒక కంపెనీ ఆఫీసులో రాత్రిపూట ఊడ్చేదాన్ని. సైటు గేటు దగ్గర కూలీ కార్డు పెట్టగానే పేరు వెంటనే రావాలని, హైదరాబాద్ అమ్మాయి ఇరం రెడిస్, మెమ్‌క్యాష్డ్ అనే రెండు సాఫ్ట్‌వేర్లను పోల్చి చూస్తోంది.

"రెడిస్ డిస్కు మీద రాసుకుంటది అవ్వా, కరెంటు పోయినా యాదుంటది. మెమ్‌క్యాష్డ్ అంతా మరిచిపోతది."

"నా లెక్కనే మరిచిపోతది," అన్నాను. ఆమె నవ్వింది.

రెండింటినీ ఆపి, మళ్లీ నడిపించింది. రెడిస్‌లో అందరి పేర్లూ వచ్చాయి, నెల కింద సైటులో పడి చనిపోయిన నా భర్త రాజన్నది తప్ప. దాన్ని ఇరమే ముందే తీసేసింది. మెమ్‌క్యాష్డ్ ఖాళీగా ఉండాలి. ఒక్క పేరుంది. రాజన్న ఇప్పుడే లోపలికి వెళ్లాడని ఉంది.

ఇరం గేటుకు ఫోన్ చేసింది. "ఈ రాత్రి పని బందట. గేటుకు తాళముందట."

ఆయన కార్డు నా సంచిలోనే ఉంది.

"తీసేయనా అవ్వా?"

"ఆగు బిడ్డా. ఆయన్ని బయటికి రానియ్."

సాయవ్వ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పటికీ దోహాలోనే, ఉమ్ ఘువైలినాలో.